చిన్నాయన లాప్‌టాప్‌లో రెండు కాపురాలు

ఆ రోజుల్లో మా మెదక్‌లో ఏ ఇద్దరు కలిసినా మాట తెలంగాణతో మొదలై తెలంగాణతోనే ముగిసేది. బడి నడిచిన రోజుల కంటే బంద్ రోజులే ఎక్కువేమో అనిపించేది. నేను అప్పుడే డిగ్రీ పూర్తి చేసి ఒక చిన్న ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచరుగా చేరాను. (పిల్లలకు మౌస్ పట్టుకోవడం నేర్పడమే నా ఉద్యోగం. గల్లీలో నడిచేటప్పుడు మాత్రం లోకంలోని కంప్యూటర్లన్నీ నన్ను అడిగే తెరుచుకుంటున్నట్టు నడిచేదాన్ని.) ఏదైనా తెలియదని చెప్పడం అప్పట్లో నాకు బొత్తిగా చేతకాదు.

మా చిన్నాయన సర్కారు బడిలో సారు. గల్లీలో మొదటి లాప్‌టాప్ ఆయనదే. దుమ్ము పడకుండా కప్పడానికి చిన్నమ్మ దానికి పూల గుడ్డతో గలేబు కూడా కుట్టింది. టేక్మాల్, చేగుంట దాకా తిరిగి సెల్‌ఫోన్లో రికార్డు చేసుకొచ్చిన ఉద్యమ పాటలన్నీ ఆయన అందులోనే దాచుకున్నాడు. దీక్షా శిబిరంలో పాటలు వేసే బాధ్యత ఆయనదే. శిబిరానికొచ్చిన ప్రతి ఒక్కరూ తమ పెన్‌డ్రైవ్ దానికి గుచ్చి పోవడంతో వైరస్‌లు పట్టాయి. మీట నొక్కాక అది మేలుకునేలోపు చిన్నమ్మ చాయ్ పెట్టి, అందరికీ పోసి, గ్లాసులు కూడా కడిగేసేది.

ఒక బంద్ రోజు ఆయన దాని ముందు కూర్చుని నిట్టూరుస్తుంటే నాలోని నిపుణురాలు మేల్కొంది. హైదరాబాద్‌లో చదివే నా స్నేహితురాలు విండోస్‌కు బదులు వాడే లినక్స్ సీడీ ఒకటి ఇచ్చి, "ఏం లేదే, నెక్స్ట్ నెక్స్ట్ కొట్టుకుంట పో, అదే అయితది" అని చెప్పి ఉంది. అదే నా విద్య.

"చిన్నాయనా, విండోస్ పక్కన ఇంకోటి వేస్తా. దానికి ఈ వైరస్‌లు అంటవు. రెండూ ఉంటయ్, నీకేది కావాల్నంటే అది తెరుచుకోవచ్చు" అన్నాను.

"ఒక్క డబ్బల రెండు కాపురాలా? కొట్లాడుకోవా?"

"గోడ కడతం గద."

సీడీ పెట్టాను. కాసేపటికి పాతదానికెంత జాగా, కొత్తదానికెంత జాగా అని అడుగుతూ తెర మీద ఒక గీత వచ్చింది. చిన్నాయన కళ్లద్దాలు సవరించుకుని ముందుకు వంగాడు. వాటాల మాట వస్తే ఆయన ఊరుకునే రోజులు కావవి. "సగం సగం పంచు బిడ్డా. ఇప్పుడే తేల్చుకోవాలె, మల్ల లొల్లి రావద్దు" అన్నాడు. గీతను సరిగ్గా నడుమకు జరిపి నెక్స్ట్ కొట్టాను.

అంతా అయ్యాక మళ్లీ ఆన్ చేయమంది. కళ్లు గట్టిగా మూసుకుని ఏడుపాయల వనదుర్గమ్మను తలుచుకున్నాను. తెరిచేసరికి కొత్త రంగుల తెర తళతళలాడుతోంది. ఎంత తొందరగా వచ్చిందో! నేను గర్వంగా చిన్నాయన వైపు చూశాను.

"మంచిగుంది. మరి నాదేది?" అన్నాడాయన.

వెతికాను. పాత విండోస్ లేదు. డి డ్రైవ్ లేదు. పాటల్లేవు. ఆపి మళ్లీ ఆన్ చేశాను, ఈసారి ఇంకా గట్టిగా మొక్కుకుని. కళ్లు తెరిస్తే మళ్లీ అదే రంగుల తెర. స్నేహితురాలికి ఫోన్ చేస్తే ఊరేగింపు నినాదాల మధ్య "ఏందే? వినవడ్తలేదు!" అన్న మాట తప్ప ఏమీ రాలేదు. నెట్ సెంటర్లు మూతపడ్డాయి, బస్సులు లేవు. మరునాడు చౌరస్తాలో వంటావార్పు, రోడ్డు మీదే వండుకుని తిని నిరసన తెలపడం. జిల్లా నలుమూలల నుంచి జనం వస్తారు. 'పాటల సంగతి నాకిడిచిపెట్టుండ్రి' అని చిన్నాయన అందరి ముందూ మాట ఇచ్చి ఉన్నాడు. ఆయన గలేబు తెచ్చి లాప్‌టాప్ మీద మెల్లగా కప్పాడు. తిట్టినా బాగుండేది.

మరునాడు చౌరస్తాలో పొయ్యిలు వెలిగాయి, గుండిగల్లో బియ్యం ఉడుకుతున్నాయి. మైకతను వచ్చి "పాటలు షురూ చెయ్యుండ్రి సారూ" అంటే చిన్నాయన "జర ఆగు, వేడెక్కుతుంది" అన్నాడు. (అన్నం గురించో లాప్‌టాప్ గురించో ఆయనే చెప్పాలి.) నేను టెంటు మూలన కూర్చుని ఆపడం, ఆన్ చేయడం, కళ్లు మూసి మొక్కడం సాగిస్తూనే ఉన్నాను. ఏడుపాయల అమ్మకు బోనం కూడా మొక్కుకున్నాను.

అంతలో ఉల్లిగడ్డలు కోస్తున్న మా నాయనమ్మ చేతులు చీరకు తుడుచుకుని లేచి, "ఎంతసేపని సూడాలె? ఇటు ఇయ్యి" అని మైకు గుంజుకుని బతుకమ్మ పాట ఎత్తుకుంది. ఇంట్లో సన్నగా గొణుక్కోవడమే తప్ప ఆమె అంత గొంతెత్తడం మేమెవరమూ వినలేదు. తలో పనిలో ఉన్న ఆడవాళ్లంతా వచ్చి పొయ్యిల చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టసాగారు. అటుపక్క కుర్చీలేసుకుని కూర్చున్న పోలీసుల్లో ఒకాయన లాఠీతో తాళం కూడా వేస్తున్నాడు.

నేను అదేమీ పట్టనట్టు మరోసారి ఆన్ చేసి కళ్లు మూసుకున్నాను. పక్కన మిరపకాయల తొడిమలు తీస్తున్న చిన్నమ్మ అడిగింది.

"ఏమే, నువ్వు కండ్లు మూసుకున్నప్పుడల్ల నల్ల తెర మీద ఏందో వస్తుంది. కింద విండోస్ అని రాసుంది. అది గాదా మనకు కావాల్సింది?"

"ఎప్పటిసంది వస్తుంది?"

"నిన్నటిసంది."

"మరి చెప్పవేంది చిన్నమ్మా!"

"మొక్కుకుంటున్నవ్ గదనే. నడుమల మాట్లాడితె మొక్కు చెడ్తదని."

మళ్లీ ఆన్ చేశాను, ఈసారి రెప్ప వేయకుండా. నల్ల తెర వచ్చింది. ఏది కావాలో ఎంచుకోమని కాసేపు ఓపిగ్గా ఆగింది కూడా. నిన్నటి నుంచి నేనేదీ ఎంచుకోకపోయేసరికి అదే కొత్తదాన్ని తెరుస్తోందన్నమాట. బాణం మీటతో కిందికి దిగి నొక్కాను. పాత విండోస్ తన పాత బద్ధకంతోనే లేచింది. పాటలన్నీ పదిలంగా ఉన్నాయి. లాప్‌టాప్‌ను చంటిపిల్లలా ఎత్తుకుని పరుగెత్తాను.

"చిన్నాయనా! వచ్చినయ్, అన్ని పాటలు వచ్చినయ్!"

ఆయన నా వైపు చూడలేదు. జనం నడుమ మైకు పట్టుకున్న తల్లినే చూస్తున్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "బంద్ వెట్టు బిడ్డా. అమ్మ పాడుతుంది" అన్నాడు.

ఆ తరువాత ఆయన లినక్స్‌ను ఎన్నడూ వాడలేదు. కానీ ఇంటికి ఎవరొచ్చినా ఆ నల్ల తెర చూపించి, "గిది మా బిడ్డ వెట్టింది. ఏది కావాల్నంటే అది" అని చెప్పుకునేవాడు. నేను కాదనలేదు. ఎట్లా చేశావని ఎవరైనా అడిగితే మాత్రం, చాలా కష్టమైన పని, చెప్పినా అర్థం కాదు అనేదాన్ని. ఇప్పుడు నిజంగానే ఆ పనే నా ఉద్యోగం. రోజుకు ఎన్నోసార్లు "నాకు తెలియదు, చూసి చెబుతాను" అంటుంటాను. అప్పుడప్పుడు ఆ గల్లీలో తల ఎగరేసి నడిచిన పిల్ల గుర్తొస్తుంది. ఏమీ తెలియకుండానే అంత ధైర్యంగా నెక్స్ట్ కొట్టిన ఆ పిల్ల మీద కోపం రాదు. కాస్త అసూయే కలుగుతుంది.