ఇరవై అడుగుల నీళ్లు

మా మామ చీనీ తోట, అంటే బత్తాయి తోట, కరువుకు పోయిందని అందరూ అంటారు. అననీ. అది పోయింది ఒక బైటు వల్ల. ఆ మాట చెబితే నాకు మతి పోయిందనుకుంటారని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను.

అప్పుడు నేను ప్రొద్దుటూరులో ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో పనిచేసేదాన్ని. పులివెందుల వైపు బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచే పెట్టెలు బిగించి, వాటి ఫైళ్లు చదివి రైతులకు కాగితాలివ్వడం మా పని. మా మేనమామ తోటలోనూ ఒక పెట్టె ఉండేది. ఫైలు చదివే ప్రోగ్రాము నాకు ముందు పనిచేసి మానేసిన ఆయన రాసింది. నడుస్తోంది కదా అని ఎవరూ దాని జోలికి పోలేదు.

ఆ వేసవిలో నీళ్లు దిగిపోసాగాయి. రెండు వందల నలభై అడుగులు, తర్వాత రెండు వందల యాభై. మోటారును ఇంకా కిందికి దించాలని మామ పైపులు తెప్పించుకున్నాడు. ఇంతలో ఒక వాన పడింది. తర్వాతి కాగితంలో నీళ్లు ఇరవై అడుగుల్లోనే ఉన్నాయని వచ్చింది. మామ దాన్ని స్టార్టర్ పెట్టె మీద అతికించి, పండగనాడు మోటారుకు పెట్టినట్టే పసుపు కుంకుమ పెట్టాడు. పైపులు వెనక్కి పంపేశాడు.

వారం తిరక్కుండా మోటారు కాలిపోయింది. బాగుచేయించి దించితే మళ్లీ కాలింది. కాలిన మోటారుకు కొత్త తీగ చుట్టి వైండింగ్ చేసే భాయ్ మామకు చిన్ననాటి స్నేహితుడు.

"నా పనిలో లోపం ల్యాదప్పా. ఎందుకు కాలతాందో నాగ్గూడా తెలీడంల్యా" అన్నాడు.

"ఇరవై అడుగుల్లో నీళ్లు పెట్టుకోని మోటారు ఎట్ల కాలతాది? నీ తీగే కల్తీది" అని మామ నలుగురిలో అనేశాడు. భాయ్ సైకిలెక్కి పోయాడు. మామ జమ్మలమడుగు పోయి ఇంకొకరి చేత తీగ చుట్టించాడు. అదీ కాలింది. చెట్లు ఆకులు రాల్చేశాయి.

ఇరవై అడుగుల్లో నీళ్లుంటే చెట్లు ఎండడమేమిటని నాకు ఒళ్లు మండి, కాగితాన్ని పక్కన పెట్టి ఫైలునే తెరిచాను. అందులో ఉండేవి బైట్లు, అంటే అంకెలు దాచే చిన్న గళ్లు, వాటిని కలిపి అంకె చేయాల్సింది మనం. ఒక బైటులో రెండు వందల యాభై అయిదు దాకానే పడుతుంది. అది దాటితే ఆ బైటు మళ్లీ సున్నా నుంచి మొదలై, పక్క బైటులో ఒకటి పడుతుంది. ఆ ఒకటి విలువ రెండు వందల యాభై ఆరు. మా ప్రోగ్రాము మొదటి బైటు చదివి, పక్కదాన్ని వదిలేసేది. ఇరవై పక్కన ఒకటి ఉంది. అంటే నీళ్లు పైకి రాలేదు, రెండు వందల డెబ్బై ఆరుకు దిగిపోయాయి.

బస్సెక్కి తోటకు పోయాను. మామ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. బైటు సంగతంతా చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే.

"యెంత లోతులో ఉండాయి పాపా?"

చెప్పాను. ఆయన వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు.

"మోటారు రెండు వందల డెబ్బైలో ఉండాది, నీళ్లందక కాలింది. ఇంగో రెండు పైపులు దించింటే సాలు."

"ఇప్పుడన్నా దించుదాం మామా."

"దేనికి?" అన్నాడు. తోట అవతల గొడ్డళ్ల చప్పుడు అప్పుడు విన్నాను. మామ చెట్లు అమ్మేసిన బొగ్గుబట్టీవాళ్లు పొద్దుటే దిగారట, సగం పైగా కొట్టేశారు.

"భాయ్‌కు నువ్వే చెప్పు. నాకు మొగం చెల్లదు" అన్నాడు మామ.

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. స్టార్టర్ మీది కాగితాన్ని పీకబోయాను. మామ లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు పాపా. కుంకుమ పెట్టినేది సించగూడదు."