ఏడో నంబరు బస్సు, వంటింటి కిటికీ

మా మామగారు ముప్పై ఒక్క సంవత్సరాలు సిటీ బస్సు నడిపారు. అందులో ముప్పై ఏళ్ల పదకొండు నెలలు ఏడో నంబరు రూటే. మిగిలిన ఆ ఒక్క నెల సంగతి చెప్పాలంటే ముందు వాళ్ల వంటింటి కిటికీ గురించి చెప్పాలి.

వాళ్లిల్లు మెయిన్ రోడ్డు మీద, మందుల షాపు పైన, మొదటి అంతస్తులో ఉండేది. రెండు గదులు, ఒక వంటిల్లు. ఆ ఇంట్లోకి నీళ్లు సన్నగా వచ్చేవి, దుమ్ము మాత్రం దండిగా వచ్చేది. ఎంతమంది చెప్పినా ఆయన ఇల్లు మారలేదు. కారణం ఒక్కటే. ఏడో నంబరు బస్సు ఆ వంటింటి కిటికీ కిందుగా రోజుకి పన్నెండుసార్లు వెళుతుంది.

మలుపు తిరగగానే ఆయన చిన్నగా ఒక్క హారన్ కొట్టేవారు. మా అత్తగారు కిటికీలో కనిపించేవారు. చేతిలో గరిటె ఉంటే వంట అయిందని అర్థం. సంచీ ఉంటే కూరగాయలు తెమ్మని. చీపురు ఉంటే పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తున్నారని, డ్యూటీ దిగి ఎక్కడా ఆగకుండా రావడం మంచిదని. రోజూ ఎక్కే ప్రయాణికులకి ఈ భాష కొట్టిన పిండి అయిపోయింది. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పాల్సిన పని లేకుండా "డ్రైవరు గారూ, ఇవాళ సంచీ" అని వెనక సీట్లోంచే కబురందేది.

ఆయనకి ఇద్దరు కూతుళ్లు. పెద్దమ్మాయి మా ఆవిడ. పొద్దున డ్యూటీకి వెళ్లేముందు ఇద్దరికీ జడలు ఆయనే వేసేవారు. ఆ రోజుల్లో బస్సు స్టీరింగ్ తిప్పాలంటే బావిలోంచి బండరాయి లాగినంత పని. అవే చేతులతో జడ బిగిస్తే ఎలా ఉంటుంది? సాయంత్రం దాకా కనుబొమలు కిందికి దిగేవి కావని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. బళ్లో టీచరు "ఎందుకమ్మా, నేనేం చెప్పినా అంత ఆశ్చర్యపోతావు?" అని అడిగేదట.

ఇక గొడవ. మా అత్తగారు ఒకసారి కుట్టు నేర్చుకున్నారు. మొట్టమొదట మొగుడికే చొక్కా కుట్టారు. మెడా గుండీలూ బాగానే కుదిరాయి. ఒక చెయ్యి మాత్రం రెండోదానికన్నా నాలుగు వేళ్లు పొడుగొచ్చింది. ఆయన కిక్కురుమనకుండా తొడుక్కుని డిపోకి వెళ్లారు. అక్కడ అందరూ పడీపడీ నవ్వి, ఇంతకీ ఎవరు కుట్టారని అడిగితే, పెళ్లాం మాట పడకూడదని "మా అక్క కుట్టింది" అనేశారు.

ఆయన కండక్టరు నోట్లో నువ్వుగింజ నానదు. ఆ మాట అతని భార్యకి చేరింది, ఆవిడ కూరగాయల దుకాణం దగ్గర మా అత్తగారికి చేర్చింది. మా అత్తగారికి మొగుడి అబద్ధం మీద కోపం కాదు. తను కష్టపడి కుట్టిన చొక్కా ఆడపడుచు ఖాతాలో పడిందని కోపం.

మర్నాటి నుంచి కిటికీ మూసుకుంది.

మొదటి రోజు ప్రయాణికులు ఆవిడ ఊళ్లో లేదేమో అనుకున్నారు. రెండో రోజు ఒంట్లో బాగోలేదేమో అనుకున్నారు. మూడో రోజుకి కండక్టరు పుణ్యమా అని బస్సంతా తెలిసిపోయింది. నాలుగో రోజు ముందు సీట్లో కూర్చునే లెక్కల టీచరమ్మ అడగనే అడిగింది.

"డ్రైవరు గారూ, ఇంట్లో మాటలున్నాయా?"

"అన్నం ఉందండీ. మాటల్లేవు."

"తప్పు ఎక్కడ చేశారు?"

"డిపోలో."

"ఎంతమంది ముందు?"

"పదిమంది ఉంటారు."

"అయితే దిద్దుకోవడం కూడా పదిమంది ముందే దిద్దుకోవాలి. ఇంట్లో గొణిగితే చెల్లదు," అంది టీచరమ్మ.

మర్నాడు ఆయన ఆ చొక్కాయే తొడుక్కుని డ్యూటీకి వెళ్లారు. మలుపు తిరిగాక స్టాపు కాని చోట, సరిగ్గా కిటికీ కింద, బస్సు ఆపి దిగారు. యాభైమంది కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. ఆయన పైకి చూసి, పొడుగు చేతిని మడత విప్పి చూపిస్తూ, వీధంతా వినేలా అన్నారు: "ఈ చొక్కా నా భార్య కుట్టింది. మా అక్కకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు."

కాసేపటికి కిటికీ రెక్క జానెడు తెరుచుకుంది.

"నడిరోడ్డు మీద ఏంటీ నాటకం? పాపం వాళ్లంతా పనులకి పోవాలి. బస్సెక్కండి."

"సాయంత్రం మాట్లాడతావా?"

"ఇప్పుడు మాట్లాడుతున్నది ఎవరు?"

బస్సు కదిలింది. అందరూ సంతోషించారు, ఒక్క పెద్దమనిషి తప్ప. అతను ఆలస్యమైందని తిన్నగా డిపోకి వెళ్లి ఫిర్యాదు రాసిచ్చాడు. డిపో మేనేజరు మామగారిని పిలిపించి సంజాయిషీ రాయమన్నాడు. ఆయన "కుటుంబ కారణాల వల్ల ఆరు నిమిషాలు ఆలస్యం" అని రాశారు.

"కుటుంబంలో ఎవరికేమైందయ్యా?" అన్నాడు మేనేజరు.

"నాకేనండీ. నాలుగు రోజులుగా నన్నెవరూ పలకరించలేదు."

మేనేజరు ఆ కాగితం పక్కనపెట్టి, నెలరోజులు పంతొమ్మిదో నంబరుకి మారుస్తున్నట్టు ఉత్తర్వు రాశాడు. అది ఫ్యాక్టరీల వైపు పోయే రూటు, ఇంటికి పూర్తిగా ఎదురు దిక్కు. ఉత్తర్వు చేతిలో పెడుతూ మేనేజరు గొంతు తగ్గించి, "ఇంతకీ ఆవిడ మాట్లాడిందా?" అని అడిగాడు. మాట్లాడిందని విని, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కాసేపు పైకప్పు వైపు చూశాడట.

పంతొమ్మిదో నంబరు మొదటి రోజు, మధ్యాహ్నం ట్రిప్పులో, మా అత్తగారు టిక్కెట్టు కొనుక్కుని డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నారు. ఒళ్లో గిన్నె, గిన్నెలో చిక్కుడుకాయలు.

"ఇదేంటే, ఇలా వచ్చావు?"

"మీరు కిటికీ వైపు రారాయె. నేనే వచ్చాను. ముందు చూసి నడపండి."

పిల్లలు బడి నుంచి వచ్చేలోపు ఒక ట్రిప్పు తిరిగి ఇంటికి చేరేవారు. అలా రోజూ. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ వెనకనుంచి చెబుతూనే ఉండేవారు. ఆ సైకిలాయనకి దారివ్వండి. ఆ గుంత నిన్న కూడా ఉంది, నిన్న కూడా దింపారు. స్టాపులో ముసలావిడ చెయ్యెత్తింది, కనపడలేదా? మూడోవారానికి మామగారే మేనేజరు దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

"సార్, నన్ను ఏడుకి వేసెయ్యండి. ఇంకెప్పుడూ ఆపను."

"ఏమయ్యా, భార్య మీద బెంగా?"

"కాదు సార్. భార్య బస్సులోనే ఉంది."

అయినా నెల నిండాకే మార్చారు. తిరిగి ఏడుకి వచ్చిన మొదటి రోజు, ఖాళీగా ఉన్న వెనక సీటు వైపు ఆయన రెండుసార్లు తిరిగి చూశారని కండక్టరు చెప్పాడు. కండక్టరు చెప్పాడంటే ఊరంతా చెప్పినట్టే.

నేను ఆ ఇంటి అల్లుణ్ణి కావాలని వెళ్లినప్పుడు ఆయన నా ఉద్యోగం అడగలేదు, చదువు అడగలేదు. "వంట వచ్చా?" అన్నారు. రాదన్నాను. "పెళ్లికి రెండు నెలలుంది. ఆదివారం రా" అన్నారు. ఎనిమిది ఆదివారాలు ఆ వంటింట్లో నా పక్కన నిలబడి నేర్పారు. "మంట తగ్గించు, ఎదర మలుపుంది. ఉప్పు ఒక్కసారి గుమ్మరించకు నాయనా, క్లచ్ వదిలినట్టు మెల్లగా వదలాలి." ఎనిమిదో ఆదివారం నా కూర తిని మా అత్తగారు, "పరవాలేదు, బతికేస్తాడు" అన్నారు. మామగారు నా భుజం తట్టి, ఈ ఇంట్లో ఇంతకు మించిన లైసెన్సు ఎవరికీ ఇవ్వరని చెప్పారు.

రిటైరయ్యాక ఆయన ముప్పై మూడేళ్లు బతికారు. తొంభై దాటాక పట్టిన పట్టు ఒక్కటే, తీపి. డాక్టరు వద్దన్నాడు, అత్తగారు అలమారకి తాళం వేశారు. పోయినేడాది ఒక మధ్యాహ్నం నేను ఆయనకి గడ్డం గీస్తున్నాను. పక్క మంచం మీద అత్తగారు అటు తిరిగి పడుకున్నారు.

"మీ అత్తయ్య పడుకుందా?" అన్నారు మెల్లగా.

"పడుకున్నారు."

"తన తలగడ కింద తాళంచెవి ఉంటుంది. పంచదార డబ్బా పట్టుకురా. నువ్వు మంచివాడివి, ఎవరితోనూ అనను."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నురగ అంటిన చేతులతో అలాగే నిలబడిపోయాను. ఇంతలో అత్తగారు ఇటు తిరగకుండానే తలగడ కిందినుంచి తాళంచెవి తీసి చెయ్యి వెనక్కి చాచారు.

"ఒక్క చెంచానే. నిండుగా వద్దు, సమంగా."

ఆయన సగం గీసిన గడ్డంతోనే, ఆ చెంచాడూ ఎంతోసేపు చప్పరించారు. మూడో రోజు మధ్యాహ్నం నిద్రలోనే పోయారు. కడసారి చూడడానికి వచ్చినవాళ్లలో సగంమంది పేర్లు మాకు తెలియవు. ఎవరని అడిగితే "ఏడో నంబరు" అన్నారు. అత్తగారు అందరినీ కూర్చోమన్నారు. కుర్చీలు చాలకపోతే పక్క గదిలోంచి తెమ్మని నన్ను పంపారు.