ఎంగిలి టబ్బు చూసి ఇచ్చిన బయానా

మొన్న ఫ్యాక్టరీలో నాతోపాటు ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసినామె కొడుకు పెళ్లికి వెళ్లాను. ఉప్పల్ దాటాక వరంగల్ రోడ్డు మీద ఫంక్షన్ హాలు. అక్షింతలు వేసి, కవరు చేతిలో పెట్టి, భోజనం చేసి, చేతులు కడుక్కోవడానికి వెళ్లినదాన్ని వెళ్లినట్టే తిరిగి రావచ్చు కదా. రాలేదు. ఎంగిలి పళ్లేలు వేసే పెద్ద నీలం టబ్బు దగ్గర ఆగి, పట్టుచీర కుచ్చిళ్లు ఒక చేత్తో పైకి పట్టుకుని, లోపలికి వంగి చూస్తున్నాను. పళ్లేలు దులుపుతున్న ఆమె కంగారుపడి, "ఏం పోయిందక్కా? ఉంగరమా?" అంటూ చెయ్యి పెట్టబోయింది. "ఏం పోలే తల్లీ, ఉత్తగనే సూస్తున్న" అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, పక్కనున్నామెతో ఏదో అని నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? అయితే ఈ అలవాటు నాది కాదు, మా వదినది. వదిన అంటే మా ఆయనకు అక్క, మౌలాలిలో ఉంటుంది. నా బిడ్డ పెళ్లప్పుడు ఆమె దగ్గర నాకు అంటుకుంది, ఇంక వదలడం లేదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. మేం ఇల్లు కట్టలేదు. కట్టుకుందామని మేడిపల్లిలో నూట ఇరవై గజాల జాగా మాత్రం కొనుక్కున్నాం. మా ఆయన నాచారంలో లేతు మిషను మీద, నేను మందుల ఫ్యాక్టరీలో, ఇద్దరం ఓవర్‌టైములు చేసి, చిట్టీలు కట్టి కొన్న జాగా. మా పక్క జాగా వదినే కొన్నది. అక్కా తమ్ముడూ పక్కపక్కన ఇళ్లు కట్టుకోవాలని వాళ్ల ముచ్చట. తర్వాత మా అన్నయ్యకు, అంటే వదిన భర్తకు, ఒంట్లో బాగాలేక దవాఖానా ఖర్చులకని ఆమె అమ్మేసింది, అని మేం అనుకునేవాళ్లం. ఇప్పుడు అక్కడ ఎవరిదో రెండంతస్తుల ఇల్లు ఉంది. మేం మాత్రం కొన్ని ఆదివారాలు బండి మీద వెళ్లి, నాలుగు హద్దురాళ్లూ ఉన్నాయో లేదో చూసుకుని, ఇక్కడ వంటిల్లు, ఇక్కడ తులసి గద్దె అని కాలి బొటనవేలితో మట్టిలో గీతలు గీసి వచ్చేవాళ్లం. వాన పడితే పోయేవి. మళ్లీ గీసేవాళ్లం.

అమ్మాయికి సంబంధం కుదిరింది. పంతులుగారు వేళ్ల మీద లెక్కపెట్టి, ముహూర్తం ఇరవై ఆరు రోజుల్లో ఉంది, అది దాటితే మూఢం, ఇంక నెలల తరబడి ఆగాలన్నాడు. ఆ మాట విన్న క్షణం నుంచి మా ఇంట్లో ఎవరూ ఒకచోట కూర్చున్న పాపాన పోలేదు. మా ఆయన కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. సగం తాగిన చాయ్ గ్లాసు ఒకటి టీవీ మీద, ఒకటి బాత్రూం కిటికీలో, ఒకటి బండి సీటు మీద దొరికేవి. నా సంగతీ అంతంత మాత్రమే. పది స్ట్రిప్పులు పెట్టాల్సిన డబ్బాలో తొమ్మిది పెట్టి మూత వేసేదాన్ని. సూపర్‌వైజరు రెండుసార్లు చూసి, మూడోసారి "మేడం, మీరు పెండ్లి అయ్యేదాంక లీవు తీసుకోండ్రి, మందులు తక్కువపడ్తున్నయి" అంది.

మా ఆయనకు ఒక బలహీనత ఉంది. ఎదుటివాడు ధీమాగా మాట్లాడితే చాలు, చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లి బయానా బయటికి తీస్తుంది. బయానా అంటే అడ్వాన్సే గానీ మావాళ్ల దృష్టిలో అది డబ్బు కాదు, మాట. ఇచ్చాక వెనక్కి తీసుకుంటే తలవంపులు. కూలరు కొనడానికి వెళ్లి బీరువాకు బయానా ఇచ్చి వచ్చిన మనిషి ఆయన. అలాంటివాడు ఉప్పల్‌లో ఒక ఈవెంట్లాయన దగ్గరికి ఒంటరిగా వెళ్లాడు. ఆ అబ్బాయి ట్యాబులో పూల తోరణాలు, డ్రోను, పెళ్లికూతురు పొగమబ్బుల్లోంచి నడిచి రావడం అన్నీ చూపించి, "అన్నా, గీ డేటుకు ఇంకో రెండు పార్టీలు తిరుగుతున్నయి. నీ మొఖం చూసి సాయంత్రం దాంక ఆపుతా" అన్నాడట. సాయంత్రం దాకా ఎందుకు, ఈయన అక్కడే ఇచ్చేశాడు. హాలు, అలంకరణ, భోజనాలు, ఫొటోలు అన్నీ కలిపి ప్యాకేజీ. ముప్ఫై ఎనిమిది వంటకాలు, ఎనిమిది వందల పళ్లేలు. కాగితం అడుగున ఉన్న మొత్తం రెండుసార్లు చదివాను.

"గింత ఏడికెళ్లి తెస్తం?" అన్నాను.

ఆయన నా వైపు చూడకుండా ఫ్యాను వైపు చూశాడు. "మేడిపల్లి జాగ ఉన్నది గదా. జాగ మల్ల కొనుక్కుంటం. బిడ్డ పెండ్లి మల్ల చేస్తమా? నలుగురు ఏమనుకుంటరు?" బ్రోకరుకు అప్పటికే చెప్పి వచ్చాడు. అమ్మాయికి చెప్పొద్దని నా దగ్గర ఒట్టు కూడా వేయించుకున్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ పొగమబ్బుల వీడియో నాక్కూడా నచ్చింది. కానీ బొటనవేలితో గీసిన వంటిల్లు కళ్లముందు నుంచి పోలేదు. అప్పు చేసి పప్పు కూడు తినేవాళ్లను ఎన్నిసార్లు వెక్కిరించానో, ఇప్పుడు ఇంటి జాగా అమ్మి పనీరు పెట్టేదాన్నయ్యాను. ఎవరితో అనాలో తెలియక మర్నాడు వదినకు ఫోను చేశాను.

మా వదిన సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఏ ఇంటికి వెళ్లినా ముందు వంటింట్లోకి వెళ్లి అన్నం గిన్నె మూత తీసి చూసి గానీ కూర్చోదు. వచ్చీ రాగానే ఆ పని చేసి, ప్యాకేజీ కాగితం నాతో చదివించుకుంది. ఒక్కో వంటకానికీ "తింటరా?" అని ఒకటే ప్రశ్న. ముప్ఫై ఎనిమిది సార్లు అడిగింది. చివరికి, "ఎల్లుండి లగ్గాలు మస్తుగున్నయి. పట్టుచీర కట్టుకో, పోదాం" అంది.

"ఎవరి పెండ్లికి వదినా?"

"ఎవరిదైతే ఏంది? మనం తినేతందుకు పోతలేం."

అలా పిలవని పెళ్లిళ్లకు బయలుదేరాం. మొదటిది ఉప్పల్‌లో, మా ఆయన బయానా ఇచ్చిన హాలే. గేటు దగ్గర పన్నీరు చల్లించుకుని, మండపం వైపు కన్నెత్తి చూడకుండా వదిన తిన్నగా వెనక్కి నడిచింది. నేను తల దించుకుని ఆమె వెనకాల. టబ్బు ముందు నిలబడి చేత్తో చూపించింది. పనీరు ముక్కలు కొరికినవి కొరికినట్టే ఉన్నాయి. నూడుల్సు ముద్దలు. మూడు రంగుల స్వీట్లు, వేలి గుర్తు మాత్రం పడి. "గిది పెట్టుబడి. కడుపులకు పోయింది కాదు" అంది. ఎవరో పెద్దాయన అనుమానంగా వచ్చి, మీరు పిల్ల తరఫా పిలగాని తరఫా అని అడిగాడు. వదిన తొణక్కుండా "మేము వంట తరఫు" అంది. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. వెనక గేటు దగ్గర ఒక బండిలోకి ఆ టబ్బులు ఒంపుతున్నారు. ఎటు పోతుందని వదిన అడిగితే డ్రైవరు, జవహర్‌నగర్ చెత్త డంపుకు అన్నాడు. బండి కదిలి మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడింది. ఎంగిలి బండిని అంతసేపు చూడటం ఏమిటో నాకప్పుడు అర్థం కాలేదు.

రెండో హాలూ అంతే. మూడోది నాచారంలో ఇళ్ల మధ్య చిన్న హాలు. తోరణం బంతిపూలది, కుర్చీలకు గుడ్డలు కూడా లేవు. టబ్బులో చూస్తే ఎముకలు, కరివేపాకు, నిమ్మచెక్కలు. అంతే. బగారా అన్నం మెతుకు కనపడలేదు. పచ్చిపులుసు పోసిన గిన్నెలు నాకినట్టున్నాయి. వదిన ముఖం విప్పారింది. పెరట్లో పొయ్యిల పక్కన బోర్లించిన బకెట్టు మీద కూర్చుని చాయ్ తాగుతున్న వంట మాస్టరు దగ్గరికి వెళ్లింది. "నాయినా, నువ్వు వండింది నేను తినలే. తిన్నోళ్ల పళ్లాలు సూసిన. మా మేనకోడలు లగ్గానికి నువ్వే వండాలె" అంటూ, తమలపాకులో వక్క, నూటపదహార్లు పెట్టి చేతిలో పెట్టింది. ఆయన లేచి నిలబడి రెండు చేతులతో అందుకున్నాడు. ఒకే పెళ్లికి, ఒకే పూటకి, రెండు వంటలకు రెండు బయానాలు. అక్కా తమ్ముళ్లిద్దరిదీ ఒకటే రక్తం అనుకున్నాను.

సంగతి విని మా ఆయన ఇంట్లో శివాలెత్తిపోయాడు. "అక్కా, నేను మాటిచ్చొచ్చిన. ఆడు రేపు బజార్ల నవ్వుతడు. నా ఇజ్జత్ ఏం గావాలె?" అంటూ గది ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉన్నాడు. వదిన మంచం మీద కూర్చుని ఆయన తిరుగుడు అయ్యేదాకా చూసి, మెల్లగా అడిగింది. "తమ్మీ, నా పెద్దోని పెండ్లి యాదున్నదా?"

"ఎందుకు లేదు? ఎంత గొప్పగ జేసినం. ఇప్పటికీ చెప్పుకుంటరు."

"ఎవరు చెప్పుకుంటున్నరు, నువ్వు దప్ప?"

ఆయన ఆగాడు. వదిన గొంతు పెంచలేదు. "ఆ దినం తొమ్మిది వందల పళ్లాలకు చెప్పినం. అందరు పోయినంక చేతులు కడుగనీకి పోయిన. టబ్బులు నిండి కింద పోస్తున్నరు. ఒక్క కొరుకు కొరికి ఇడిసిపెట్టిన్రు. గక్కడ్నే నిలవడి సూసిన. మీ బావ దవాఖానాకని జాగ అమ్మలే తమ్మీ. ఆయినె రోగం తర్వాత సంగతి. నా జాగ గా టబ్బులల్ల పోయింది. గప్పటికెళ్లి ఏ పెండ్లికి పోయినా టబ్బు సూడంది నాకు పాణం ఊకోదు."

ఆమె ఒక మాట అనలేదు, అనకుండా మింగింది. కానీ ఇంట్లో అందరికీ తెలుసు. 'అక్కా, మన ఇంట్ల మొదటి పెండ్లి, తక్కువ జేస్తే ఎట్ల' అని ఎగదోసి, ఆ తొమ్మిది వందల పళ్లేల కేటరింగు ఆయనకు బయానా ఇచ్చి వచ్చింది మా ఆయనే. పది రోజులుగా ఒకచోట నిలవని మనిషి అక్కడే, నేల మీద కూలబడ్డాడు. "ఎందుకు చెప్పలే అక్కా?" అన్నాడు.

"చెప్తే ఏం జేస్తవ్? వాపస్ తెస్తవా? నీదన్న పోనియ్యకు."

మర్నాడు ముగ్గురం ఈవెంట్ల అబ్బాయి దగ్గరికి వెళ్లాం. ఇచ్చిన బయానా వదులుకోకుండా హాలు, మండపం మాత్రం ఉంచుకుంటాం, పొగా డ్రోనూ వద్దు, వంట మాది అన్నాం. బయటి వంట రానివ్వమని అతను మొరాయించాడు. "మొన్న మీ హాల్ల ఎంగిలి టబ్బు సూసినం బిడ్డా. నువ్వు వద్దంటే గా ముచ్చట వచ్చేటోళ్లకు చెప్పాల్సొస్తది" అంది వదిన. "మిమ్మల్ని ఎవరు పిలిచిన్రమ్మా?" అని అతను నోరు తెరిచాడు గానీ, ఒప్పుకున్నాడు. మిగిలింది అమ్మాయి కోరిక. అన్నీ కాదు, ఒక్కటి అడగమంది వదిన. అమ్మాయి ఫొటోలు బాగుండాలంది. సరే, అక్కడ మాత్రం వెనకాడలేదు. బ్రోకరుకు మా ఆయనే ఫోను చేసి జాగా అమ్మడం లేదని చెప్పాడు. గట్టిగా చెప్పాడు, పక్కింటివాళ్లకు వినపడేలా.

పెళ్లినాడు నేను స్థిమితంగా ఉన్నానంటే అబద్ధం. నాలుగు వందల యాభైకే చెప్పాం, అన్నం చాలదేమోనని పొయ్యిల దగ్గరికీ మండపానికీ మధ్య తిరిగి తిరిగి, కన్యాదానానికి పంతులుగారు రెండుసార్లు పిలిపించాల్సి వచ్చింది. అప్పడాలు నిజంగానే అయిపోయాయి. వియ్యపురాలి చెల్లెలు "స్వీటు ఒక్కటేనా?" అంది. మా ఆయన పెదనాన్న కొడుకు ఆ అప్పడాల సంగతి ఇప్పటికీ ఎత్తుతాడు. రెండో బంతి లేచాక నేను వెనక్కి పరిగెత్తాను. టబ్బు పక్కన కుర్చీ వేసుకుని వదిన కూర్చుని ఉంది. నన్ను చూసి, సూడు అన్నట్టు గడ్డం ఎత్తింది. చూశాను. ఎముకలు, కరివేపాకు, నిమ్మచెక్కలు. వదిన కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పొయ్యిల పొగ ఇటు రావడం లేదు, గాలి అటే ఉంది. నేనూ ఏడ్చాను.

ఇల్లు ఇంకా కట్టలేదు, చేతులు ఖాళీగానే ఉన్నాయి. కానీ హద్దురాళ్లు నాలుగూ ఉన్నాయి. పెళ్లయిన నెలకు మేడిపల్లి వెళ్లినప్పుడు మా ఆయన, నేను వంటిల్లు గీసేలోపే, పక్క ఇంటి గోడ వైపు ఒక గది గీశాడు. ఇది దేనికి, మన లెక్కలో లేదు కదా అన్నాను. "అక్కకు" అన్నాడు, తల ఎత్తకుండా. ఇప్పుడు వదినకు మోకాళ్ల నొప్పులు, పెళ్లిళ్లకు రాలేకపోతోంది. అందుకే మొన్న ఆ టబ్బు దగ్గర నుంచే ఆమెకు ఫోను చేసి ఏమేం పారబోశారో చెప్పాను. అంతా విని, "అయ్యో, వాళ్ల జాగ ఏడున్నదో" అంది. పెళ్లి ఒక్క పూటలో అయిపోతుంది. అలాంటి ఒక పూటలో అక్క పోగొట్టుకున్న గదిని మాత్రం మా ఆయన ఏటా వానాకాలం వెళ్లాక మొదట గీస్తున్నాడు, ప్రతిసారీ కిందటి ఏడాది కంటే కాస్త పెద్దగా.