ఆదెప్ప కూతురు నాన్‌లోకల్

ఎమ్మిగనూరు బస్టాండు వెనక నేను నెట్ సెంటర్ పెట్టి పద్నాలుగేళ్లయింది. ఆధార్ తెమ్మంటే రేషన్ కార్డు తెచ్చేవాళ్లు, ఓటీపీ చెప్పమంటే ఫోన్ ఇంట్లో పెట్టి వచ్చామనేవాళ్లు! అరిచి అరిచి నా గొంతు ఇలా తయారైంది. మల్లేశ్వరి నోట్లో పడొద్దు అని వీధంతా అనుకుంటుందని నాకూ తెలుసు. అనుకోనీ. కానీ ఆదెప్పన్నను మాత్రం ఒక్కరోజు కూడా తిట్టింది లేదు. అడిగిన కాగితాలన్నీ అడిగిన వరుసలో కవర్లో పెట్టుకుని వచ్చే మనిషిని ఏమని తిడతాం?

ఆయన చేనేత మనిషి, యాభై దాటాయి. ఇల్లంటే ఒకటే గది, అందులో సగం మగ్గమే. భార్య పద్మ మగ్గానికి నూలు కండెలు చుడుతుంది. ఒక్కగానొక్క కూతురు హేమలత. ఆ పిల్లను పళ్ల డాక్టరును చేయాలని ఆయన పట్టు. ఎంబీబీఎస్ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

"అది శానా పెద్ద సదువమ్మా, మనకు అందదు. పండ్ల డాక్టరంటే చేతిపనే కదా! మా హేమ ఎనిమిదేండ్లప్పుడే కొత్త పడుగు పోగులు అతికింది. ఒక్క పోగు తెగల్యా" అన్నాడొకసారి. నేను పడీ పడీ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ కనిపించలేదు.

ప్రైవేటు కాలేజీ సంగతి ఆ ఇంట్లో ఎవరూ అనుకోను కూడా లేదు. గవర్నమెంటు డెంటల్ సీటు వస్తే చదువు, రాకపోతే మగ్గం. అంతే. అందుకే మూడేళ్ల కటాఫ్‌లు నా దగ్గర ప్రింటు తీయించుకున్నాడు. ఇంగ్లీషు రాదు గానీ అంకెలు వచ్చు. బీసీ-బీ, లోకల్, ఆడపిల్లలు అన్న గడిలో చివరి సీటు ఎంత మార్కు దగ్గర ఆగిందో ఆయనకు నాకంటే బాగా తెలుసు. మొదటి ఏడాది ఎంట్రన్స్‌లో హేమకు ఇరవై ఆరు మార్కులు తక్కువొచ్చి, సీటుకు దరఖాస్తు దాకా పోనేలేదు. ఇంకో ఏడాది ఇంట్లోనే కూర్చుని చదివింది, ఆ మగ్గం చప్పుడులోనే. ఈసారి నిరుటి కటాఫ్ కంటే పదకొండు ఎక్కువ!

"సీటు వచ్చినట్టే అన్నా" అన్నాను నేను. నా నోరు ఊరుకోదు కదా! ఆదెప్పన్న ఆ రోజు మగ్గం ఎక్కలేదు. వీధిలో అందరికీ మైసూరుపాక్ పంచి, నా సెంటర్‌లో ఉన్న ముక్కూమొహం తెలియనివాళ్లకు కూడా పెట్టాడు.

తర్వాత మెరిట్ లిస్టు వచ్చింది. హేమ పేరు, మార్కులు, కులం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లోకల్ అని ఉండాల్సిన చోట నాన్‌లోకల్ అని ఉంది.

తప్పు పడిందనుకున్నాను. తప్పు కాదు. తొమ్మిది, పది తరగతులు హేమ సిరుగుప్పలో చదివింది. మగ్గం చప్పుడులో పిల్ల ఎట్లా చదువుతుందని మేనత్త దేవక్క తన ఇంటికి తీసుకుపోయింది, అక్కడ మేడమీద ఒక గది ఖాళీగా ఉందని. మళ్లీ ఇంటర్ ఆదోనిలోనే. సిరుగుప్ప కర్ణాటకలో ఉందని మాకెవరికి గుర్తుంటుంది? మా అమ్మ పుట్టిల్లు కూడా అదే. పెండ్లికి పొద్దున పోయి మాపటికి వచ్చేస్తాం. లోకల్ కావాలంటే ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు ఇక్కడే చదివుండాలట. దరఖాస్తులో సిరుగుప్ప అని టైపు కొట్టింది ఈ చేతులే. పద్నాలుగేళ్ల అనుభవం, తగలెయ్య!

హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. "రూల్ అది మేడం" అన్నాడు అవతలి అబ్బాయి. అరిచాను. "సారీ మేడం" అన్నాడు. ఇంకా అరిచాను. పాపం, వాడు మాత్రం ఏం చేస్తాడు? పోనీ కర్ణాటకలో అడుగుదామంటే అక్కడ రెండేళ్లు చాలవన్నారు. నాన్‌లోకల్‌కు మిగిలేవి అందరూ పోటీపడే ఆ కాసిన్ని సీట్లే. వాటి కటాఫ్ హేమ మార్కులకు ఎంతో పైన ఉంది, అది చూసి నేనే ప్రింటు తీయకుండా ఊరుకున్నాను.

మర్నాడు ఆదెప్పన్న కవరు నిండా కాగితాలు తెచ్చాడు. రేషన్ కార్డు, కరెంటు బిల్లు, తాత పేరు మీది ఇంటిపన్ను రసీదు.

"మా తాత ఈడనే పుట్టినాడు. మా నాయన ఈడనే సచ్చిపోయినాడు. నేను ఈ ఊరు దాటి యాడికీ పోలేదు. ఇంగ లోకలంటే ఏందమ్మా?"

ఆ కాగితాలన్నీ స్కాన్ చేసి మెయిలు పెట్టాను. మెయిలు అందినట్టు ఒక జవాబు వచ్చింది, ఆ తర్వాత ఏమీ రాలేదు.

చివరి రౌండు అయిపోయిన రోజు తండ్రీకూతుళ్లిద్దరూ వచ్చారు. లోకల్ గడిలో ఆఖరి సీటు హేమ కంటే తొమ్మిది మార్కులు తక్కువొచ్చిన పిల్లకు వెళ్లింది. ముగ్గురమూ చూశాం. నాకు అరవాలనిపించింది. కానీ ఎవరి మీద?

ఆదెప్పన్న స్క్రీన్ మీద ఆ అంకె దగ్గర వేలు పెట్టాడు.

"తప్పు నాదే. బిడ్డను ఆడికి పంపింది నేనే. ఆ రెండేండ్లే కదమ్మా తక్కువయింది? ఇప్పుడు మళ్ల తొమ్మిది, పది ఈడ సదివిస్తే?"

హేమకు పంతొమ్మిదేళ్లు. నాన్న మాటకు నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"సదువుతానక్కా. సిన్నపిల్లోల్ల పక్కన కూసోమన్నా కూసుంటా. అట్ల ఒప్పుకుంటారేమో సూడు."

కుదరదని చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, ఆయనకొకసారి, ఆమెకొకసారి.