వర్షిణి తెచ్చిన బాపు పనిముట్టు

బొగ్గుబావుల ఊళ్లలో పుట్టిన పిల్లలు గడియారం చూడటం కంటే ముందు సైరన్ వినటం నేర్చుకుంటారు. షిఫ్టు మారేటప్పుడు మోగితే ఎవరూ తల ఎత్తరు. వేళ కాని వేళ మోగిందంటే మాత్రం క్వార్టర్ల వరసంతా తలుపులు తెరుచుకుంటాయి. ఆడవాళ్లు పిండి చేతులతో, సగం అల్లిన జడలతో గడపల్లోకి వచ్చి నిలబడతారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. శ్యామల చిన్నప్పుడు తల్లి కొంగు పట్టుకుని అలా చాలాసార్లు నిలబడింది. తల్లి మొహం ఎప్పుడూ మామూలుగానే ఉండేది, కొంగు మాత్రం వణికేది. భయపడటం ఆ ఊళ్లలో ఆడవాళ్ల డ్యూటీ. దానికి జీతం లేదు, రిటైర్మెంటూ లేదు.

శ్యామల తండ్రి కుమారస్వామిది బావి లోపల బొగ్గుకు మందు పెట్టి పేల్చే కొలువు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. తాగినప్పుడు మాత్రం తన పని గురించి చెప్పేవాడు, అదీ పిల్లలకు పాఠం చెప్పినట్టు. ఏ తీగ ఎట్లా పట్టుకోవాలో, ఏది దేనికి తగలకూడదో, తగిలితే ఫలానా ఆయన వేళ్లు ఎట్లా పోయినాయో. తల్లి ఆ మాటలు ఆపమని గిన్నెలు చప్పుడు చేసేది. శ్యామల దుప్పటి కింద చెవులు మూసుకునేది, అయినా వినేది. చివరికి కుమారస్వామికి ఏమీ కాలేదు. నిండా నౌకరీ చేసి, పింఛను తీసుకుని, షుగర్ ముదిరి మంచం మీదే పోయాడు. భయపడిన సంగతి జరగకపోతే ఆ భయం ఎటు పోవాలి? ఎటూ పోలేదు. బిడ్డ దగ్గర ఉండిపోయింది.

ఆ భయంతోనే ఆమె చదువుకుంది, ఆ భయంతోనే టీచర్ అయింది. మొదటి కొలువు ఖానాపూర్ దాటాక అడవి అంచున. వాగు వస్తే పిల్లలు ఎట్లా దాటుతారోనని ఒక భయం, జంతువు జాడ కనిపించిందని ఎవరైనా అంటే ఇంకో భయం. బదిలీ పెట్టుకుని, పెట్టుకుని, కొన్నేళ్లకు కరీంనగర్ నుంచి కొండగట్టుకు పోయే రోడ్డు మీది నుంచి లోపలికి ఉన్న ఒక ఊరికి వచ్చింది. అడవి లేదు, వాగు లేదు. సుఖంగా ఉందామనుకుంది. వచ్చిన రోజే మధ్యాహ్నం కిటికీ రెక్కలు దడదడలాడాయి.

ఆ ఊరి చుట్టూ ఉన్నవన్నీ గ్రానైట్ గుట్టలు. ఉన్నవి అనటం కూడా ఇప్పుడు కొంచెం ఎక్కువే. ఒకప్పుడు బాటసారులు గుట్టను చూసి ఊరిని గుర్తు పట్టేవారు. ఇప్పుడు గుట్ట ఉన్న చోట నీళ్లు నిండిన లోయ కనిపిస్తుంది. రాయి లారీలెక్కి, రైలెక్కి, ఓడలెక్కి ఏ దేశంలోనో హోటళ్ల నేలగా పడి ఉంటుంది. దాని మీద నడిచేవాళ్లకు ఈ ఊరి పేరు తెలియదు. ఊళ్లో సగం మగవాళ్లు, మందు పెట్టి రాయి పేల్చే ఆ గుట్టల మీదే పని చేస్తారు. ఆడవాళ్లు బీడీలు చుడతారు.

బడిలో ఇద్దరే టీచర్లు. హెడ్మాస్టర్ శ్యాంసుందర్ సారు పెద్ద తరగతులు చూస్తాడు, శ్యామల ఒకటి, రెండు తరగతులు చూస్తుంది. చిన్నపిల్లలకు ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. వారానికొక ముచ్చట. సోమవారం మొదలుపెడితే లెక్కలూ, అక్షరాలూ, బొమ్మలూ, పాటా అన్నీ ఆ ముచ్చట చుట్టూనే తిరగాలి. శనివారం పిల్లలు తాము తెచ్చింది చూపించి నాలుగు మాటలు చెప్పాలి. ఆకుల వారం అయింది, నీళ్ల వారం అయింది. చప్పుళ్ల వారంలో పిల్లలు కళ్లు మూసుకుని విన్నవి చెప్తుంటే గుట్ట మీద మందు పేలింది. "గది రోజుటిదే టీచర్" అన్నారు పిల్లలు. శ్యామల కుర్చీ పట్టుకుని కూర్చుంది.

ఈసారిది 'మా ఇంట్లో వాళ్ల పని'. అవ్వదో బాపుదో, అంటే అమ్మదో నాన్నదో, పనిముట్టు ఒకటి తెచ్చి చూపాలి. కత్తులూ కొడవళ్లూ వద్దని మరీ మరీ చెప్పింది.

"మేడం, మీ పిల్లలు శనివారం జేసీబీ తోల్కొస్తరు సూడుండ్రి" అన్నాడు శ్యాంసుందర్ సారు.

"కొడవలి వద్దన్న సార్. కత్తెర గూడ మొండిదే తెమ్మన్న."

"ఇంకేం మిగిల్చిండ్రు మరి? చీపురా?"

ఆ శనివారం సారుకు మండలంలో మీటింగు పడింది. పెద్ద తరగతుల పిల్లలను ఆటస్థలానికి తోలి, శ్యామల చిన్నవాళ్లను పట్టా మీద గుండ్రంగా కూర్చోబెట్టుకుంది. వెనక రేకుల షెడ్డులో తారాబాయి అన్నం వండుతోంది.

పొద్దు బాగానే మొదలైంది. ఒక పిల్ల బీడీల చాట తెచ్చి, ఆకు ఎట్లా కత్తిరిస్తారో అవ్వలాగే పెదవి బిగించి చూపించింది. ఒకడు టేపు తెచ్చి అందరి తలలూ కొలిచాడు. విక్రాంత్ బాపు కరెంటు పని చేస్తాడు. వాడు ఒక బ్యాటరీ, రెండు తీగలు, చిన్న బల్బు తెచ్చి, తీగ కొసలు బ్యాటరీకి ఆనించాడు. బల్బు వెలిగింది. పిల్లలంతా వాడి మీద పడ్డారు. మళ్లీ, మళ్లీ అని వెలిగించుకున్నారు. శ్యామల బోర్డు వైపు తిరిగి 'బల్బు' అని రాయటం మొదలుపెట్టింది. ల కింద ఒత్తు పెడుతుండగా వెనక నుంచి వర్షిణి గొంతు వినిపించింది.

"మా బాపుకు గూడ గిసొంటి వైర్లుంటయి. నేను తెచ్చిన."

"దానికి బల్బేది మరి?"

"గిదే బల్బు. ఎండి బల్బు."

శ్యామల వెనక్కి తిరిగింది.

వర్షిణి పిడికిట్లో చిటికెన వేలంత వెండిరంగు గొట్టం ఉంది. దాని నుంచి రెండు సన్నని తీగలు, ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. విక్రాంత్ ఆ తీగల కొసలు పళ్లతో గీకి రాగి బయటికి తీశాడు. ఒక కొస అప్పుడే బ్యాటరీకి ఆనించి బొటనవేలితో నొక్కిపెట్టాడు. రెండోది వెతికి పట్టుకుంటున్నాడు.

"టీచర్, గిది గూడ వెలుగుతదా సూద్దామా?"

ఆ గొట్టాన్ని శ్యామల ఎన్నడూ చూడలేదు. అయినా గుర్తుపట్టింది. దుప్పటి కింద విన్న మాటలన్నీ ఒక్కసారి ఆకారం తెచ్చుకుని ఆ పిల్ల పిడికిట్లో కూర్చున్నట్టు ఉంది. మందును పేల్చే డిటోనేటర్. పిల్లల తలలన్నీ దాని చుట్టూ పూలగుత్తిలా వంగి ఉన్నాయి.

అరవాలి. కానీ అరిస్తే విక్రాంత్ ఉలిక్కిపడతాడు, ఉలిక్కిపడితే చేతులు కలుస్తాయి. దూకి లాక్కోవాలి. మధ్యలో పిల్లలు ఉన్నారు. ఎవరి కాలు ఎవరికి తగిలినా అంతే. చేతిలో సుద్దముక్క విరిగింది. తర్వాత చాలామంది ఆమెను, గా టైముల మీకు గది ఎట్ల తట్టింది మేడం అని అడిగారు. ఆమెకు తట్టలేదు. కొన్ని రోజులుగా ఆ పిల్లలు ఇంటర్వెల్లులో గొంతు చించుకుని ఆడుతున్న ఆట ఒకటి ఉంది. చెవుల్లో అదే మోగుతుంటే నోట్లోంచి అదే వచ్చింది.

"స్టాచ్యూ" అంది శ్యామల. మామూలు గొంతుతో.

పిల్లలు ఎక్కడివాళ్లు అక్కడ బొమ్మలైపోయారు. టీచర్ ఆటలోకి రావటం ఎప్పుడూ లేదు, అందుకని ఇంకా గట్టిగా బిగుసుకున్నారు. ఒకడి నోరు తెరిచే ఉంది. ఒకతె చెయ్యి గాలిలో ఉంది. విక్రాంత్ ఎడమచేతిలో బ్యాటరీ, కుడిచేతిలో రెండో కొస. రెండింటికీ నడుమ బియ్యపు గింజలు నాలుగు పట్టేంత జాగా. ఆ జాగా చూస్తూ శ్యామల నడిచింది. వాడు నవ్వు ఆపుకోలేక భుజాలు కదిలిస్తున్నాడు. భుజాలతో పాటు కొస కూడా కదులుతోంది.

"నవ్విన వాళ్లు ఔట్" అందామనుకుంది. ఆ మాటకే వాడు పకపకా నవ్వుతాడేమోనని ఆగింది.

ముందు కుడిచేతిలోని కొసను రెండు వేళ్లతో పట్టి పక్కకు తీసింది. తర్వాత ఎడమచేతి బొటనవేలు ఎత్తి బ్యాటరీ లాక్కుని చీర కుచ్చిళ్లలో దోపుకుంది. వర్షిణి వేళ్లను ఒక్కొక్కటిగా విప్పింది. ఆ పిల్ల ఆట చెడగొట్టకూడదని రెప్ప కూడా వేయలేదు. గొట్టం వెచ్చగా ఉంది, పిల్ల చేతి వేడికి. బయటి కరెంటు ఏదీ తగలకుండా తీగల కొసలు రెండూ కలిపి మెలిపెట్టింది. అదీ తండ్రి మాటే. సరిగ్గా విన్నదో లేదో తెలియదు.

దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని బయటికి నడిచింది. పరుగెత్తలేదు, ఒక్కో అడుగూ చూసి వేసింది. షెడ్డులోంచి పొగ వస్తోంది.

"తారాబాయీ, పొయ్యి ఆర్పు."

"అన్నం సగమే ఉడికింది మేడం."

"ఆర్పు. నీళ్లు పోయి. పోసి, గా పెద్ద పిలగాండ్లను రోడ్డు మీదికి తోల్కపో."

"ఏమైంది, పామా?"

"పాము గాదు. తోల్కపో నువ్వు."

తారాబాయి శ్యామల చేతులు చూసింది, మొహం చూసింది. ఇంకేమీ అడగకుండా బిందె మొత్తం పొయ్యిలో కుమ్మరించింది.

ప్రహరీ అవతల, ఎవరో ఇల్లు కట్టుకుంటూ పోయించిన ఇసుక కుప్ప ఉంది. దాని వెనక ఆ గొట్టాన్ని దించింది శ్యామల. దించాక చేతులు విడివడలేదు. నమస్కారం పెడుతున్నట్టు అట్లాగే కాసేపు వంగి ఉంది. కోడి ఒకటి ఇసుకలో గీరుకుంటూ అటే వస్తోంది. దాన్ని తరిమి, పక్కనున్న తుమ్మకంప లాగి అడ్డం పెట్టింది.

తిరిగి తరగతిలోకి వచ్చేసరికి పిల్లలు అట్లాగే ఉన్నారు. స్టాచ్యూ అన్న మనిషే విడిచిపెట్టాలి కదా, ఆమె విడిచిపెట్టలేదు. గాలిలో చెయ్యి ఎత్తిన పిల్ల ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకుని ఏడుస్తోంది, కానీ దించలేదు. విక్రాంత్ నిక్కరు తడిసి ఉంది. వాడు కదలకుండా నిలబడి టీచర్‌నే చూస్తున్నాడు. శ్యామల అందరినీ చేతులు చాపి దగ్గరికి లాక్కుంది.

పిల్లలను పంచాయితీ ఆఫీసు అరుగు మీదికి చేర్చాక ముందు కొండల్‌కు ఫోన్ చేసింది. వర్షిణి బాపు అతను, గుట్ట మీద మందు పెట్టి పేల్చేవాడు. గుట్ట దుమ్ముతో తెల్లగా బండి మీద వచ్చాడు. విషయం చెప్తే అతని మొహం దుమ్ముకంటే తెల్లగా అయింది.

"నిన్న మిగిలిందొక్కటి మేడం. చీకటి పడ్డది, స్టోరుకు తాళమేసిండ్రు. అంగి జేబుల పెట్టుకొని ఇంటికొచ్చి, అర మీద పెట్టిన. మర్చిపోయిన."

"మర్చిపోయినవా?"

"మా పనే గది. మీకు సుద్దముక్క ఎట్లనో మాకు గది గట్ల." తల కిందికి వేసుకున్నాడు. "ఏడున్నది? తీస్కపోత. ఎవ్వలకు చెప్పకుండ్రి జర. నా నౌకరీ పోతది, లోపలేస్తరు."

వర్షిణి ఉరికి వచ్చి తండ్రి కాళ్లను చుట్టుకుంది. "బాపూ, నీది అందరికి సూపెట్టిన" అంది. అతను బిడ్డను ఎత్తి, అలవాటుగా, బండి ముందర ట్యాంకు మీద కూర్చోబెట్టాడు. అంగి జేబు సరిగ్గా ఆ పిల్ల తల వెనక ఉంది.

శ్యామలకు పోలీసులంటే భయం. ఊరంటే భయం. కొండల్ ఇల్లు ఏమైపోతుందోనని భయం. ఆ జేబును చూసినప్పుడు కలిగిన భయం వీటన్నిటినీ మింగేసింది. పిల్లను బండి మీది నుంచి దించింది. "నువ్వు ముట్టద్దు దాన్ని" అని, అతని ముందరే వంద నంబరు నొక్కింది.

తర్వాత జరిగింది ఊరందరికీ తెలిసిందే. దాని పని తెలిసినవాళ్లు వచ్చి ఆ గొట్టాన్ని తీసుకుపోయారు. పోలీసులు కొండల్‌ను తీసుకుపోయారు. గుట్ట మీద పని వారంపాటు బందు పెట్టారు, దాంతో కూలి పోయినవాళ్లంతా టీచర్‌ను తిట్టారు. శ్యాంసుందర్ సారు మాత్రం, "నేనుంటె పోలీసోళ్లకు చెప్పొద్దంటుంటి మేడం, నేను లేంది మంచిదైంది" అన్నాడు. వర్షిణి బడికి రాలేదు.

శ్యామలకు నిద్ర లేదు. కళ్లు మూస్తే బియ్యపు గింజలంత జాగా. ఆమె భర్త గోపాల్ ఆర్టీసీలో కండక్టరు. "అయిపోయింది గదనే, ఇంకేం ఫికరు?" అన్నాడు. అయిపోయిందని ఆమెకు అనిపించలేదు. ఎందుకో నాలుగోనాడు తెలిసింది. బడి విడిచాక నేరుగా కొండల్ ఇంటికి పోయింది.

అతని భార్య మంజుల వాకిట్లో బీడీలు చుడుతోంది. తల ఎత్తలేదు. వేళ్లు ఆగలేదు.

"రా టీచరమ్మా. చూసిపోదామని వచ్చినవా?"

"మంజులా..."

"ఆయన లోపలున్నడు. పిల్ల నా ముంగటున్నది. ఎటు దిక్కు తిరిగి ఏడువాల్నో నాకే తెలుస్తలేదు. నువ్వు పో. పిల్లను రేపు తోల్త."

శ్యామల పోలేదు. అరుగు మీద కూర్చుంది. 

"నీ మొగడు గట్ల మర్చిపోవుడు గిదే మొదటిసారా?"

మంజుల వేళ్లు ఆగిపోయాయి. ఆకు చేతిలోనే ఉంది, తంబాకు జారి చాటలో పడింది.

"పోలీసోళ్లు జూసిండ్రు గద" అంది. 

"ఎక్కడెక్కడ జూసిండ్రు?"

మంజుల లేచి, వర్షిణిని చెయ్యి పట్టుకుని వీధి అవతల కిరాణా దుకాణం దాకా తీసుకుపోయి, అక్కడ కూర్చోబెట్టి, "నేను పిలిచేదాక రాకు" అని చెప్పి వచ్చింది. ఇద్దరూ ఇంట్లోకి పోయారు. అరల మీది డబ్బాలు ఒక్కొక్కటి దించి, మూతలు మెల్లగా తీసి చూశారు. అతని పాత అంగీల జేబులు పైనుంచి తడిమి, తర్వాత లోపల చెయ్యి పెట్టి చూశారు. దూలం సందులు, పరుపు కింద, పాత చెప్పుల లోపల, దేవుని గూట్లో పటం వెనక. ఒకరు చెయ్యి పెడుతుంటే ఇంకొకరు ఊపిరి బిగపట్టారు.

ఏమీ దొరకలేదు. శ్యామల చెప్పులు వేసుకుని వాకిట్లోకి వచ్చింది. వెనక చప్పుడైతే తిరిగి చూసింది. మంజుల బియ్యం డబ్బాను మళ్లీ కిందికి దించి, మోచేతి దాకా చెయ్యి పెట్టి మెల్లగా కలియబెడుతోంది. శ్యామల చెప్పులు విడిచి మళ్లీ లోపలికి పోయింది.