సారె చేపకి నల్లరంగు

జగ్గారావు గారి దగ్గర చీర కొనడమంటే ఎలా ఉంటుందో అమలాపురంలో ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మా షావుకారి బట్టల కొట్లో ఆయనది చీరల కౌంటరు, నాది షర్టింగు కౌంటరు. నేను నలుగురికి ప్యాంటు గుడ్డలు చింపి, చుట్టి, చేతిలో పెట్టి పంపేసినా ఆయన ఒక్క చీర తెమిల్చేవారు కాదు. పెళ్ళికూతురి మొహం చూసేవారు, తల్లి మొహం చూసేవారు, మడత విప్పేవారు, మళ్ళీ పెట్టేవారు. అంతా అయ్యాక, "ట్యూబులైటు కింద రంగు మోసం చేస్తుందమ్మా, ఇలా రండి" అని చీర భుజాన వేసుకుని గుమ్మం దాటి మెట్ల మీదికి వెళ్ళిపోయేవారు. ఎండలో పట్టి చూపిస్తే గాని ఆయనకి మనసొప్పదు. ఆ గుంపంతా పోతూ వస్తూ నా కౌంటరుకి అడ్డం నిలబడేది. నాకు ఒళ్ళు మండేది.

రంగులంటే ఆయనకి అంత పట్టింపు. నేను ఎరుపు అన్నదాన్ని ఆయన మిరపపండు అనేవారు, గులాబీ అన్నదాన్ని ఉల్లిపొట్టు అనేవారు. పెళ్ళి బేరం వచ్చిందంటే చాలు, ముందుగా నల్ల చీరల దొంతర తీసి బల్ల కిందికి తోసేసేవారు. అంచులో ఒక్క నల్లపోగు కనిపించినా ఆ చీర విప్పేవారు కాదు. శుభమా అని బట్టలు కొనడానికొచ్చినవాళ్ళ ముందు నలుపు విప్పకూడదని ఆయన లెక్క. మా కొట్లోనే కాదు, ఏ కొట్లోనైనా అంతే లెండి.

ఆదివారం వచ్చిందంటే మాత్రం ఆయన వేరే మనిషి. గాలం కర్ర పట్టుకుని ఏ కాలవ గట్టునో కూచునేవారు. బతికిన రొయ్యని గుచ్చి పండుగప్ప చేపలు పట్టడం చిన్నప్పట్నుంచీ అలవాటు. తొంభై ఎనిమిదిలో వాళ్ళమ్మాయి దుర్గాశ్రీ పెళ్ళికి బావమరిది భాస్కర్ కువైట్ నుంచి వస్తూ ఒక ప్లాస్టిక్ పెట్టె తెచ్చాడు. ఆ పెట్టె వచ్చాక ఆయనకున్న కాస్త నిలకడ కూడా పోయింది.

పెట్టెలో బొమ్మచేపలు. జానెడు కన్నా చిన్నవి, కొయ్యవి కొన్ని, ప్లాస్టిక్‌వి కొన్ని, పొట్ట కింద గుత్తిగా గాలాలు. నీళ్ళలో విసిరి లాగితే అచ్చం బతికిన చేపలాగే ఒళ్ళు తిప్పుకుంటూ వస్తాయి. భాస్కర్ గదిలో ఉండే ఫిలిప్పీన్స్ కుర్రాడు సెలవు రోజున వీటితోనే సముద్రం ఒడ్డున చేపలు పడతాడట.

"చేపకి రంగులు తెలుస్తాయంట బావగారూ. నీళ్ళని బట్టి, వెలుతురుని బట్టి రంగు మార్చి వెయ్యాలంట. తేట నీళ్ళకి వెండి, నీలం" అని భాస్కర్ చెప్పాడు.

ఆ మాట విన్నప్పుడు జగ్గారావు గారి మొహం చూడాల్సింది. "అంటే ఇది కూడా మన కౌంటరేనోయ్ గోపీ" అన్నారు నాతో. పెళ్ళి పనులన్నీ నెత్తిన పెట్టుకుని, ఒక తెల్లవారుజామున దిండి వెళ్ళి, తేట నీళ్ళలో నెమలికంఠం రంగు బొమ్మ విసిరి నిజంగానే ఒక పండుగప్పని పట్టుకొచ్చేరు. ఇక ఆ మనిషిని పట్టడం ఎవరి తరమూ కాలేదు.

పెళ్ళి భోజనాల దగ్గర వియ్యపురాలు భవానీదేవి గారు ఈ బొమ్మచేపల సంగతి విని నవ్వేరు. వాళ్ళది కె.గంగవరం, వరి, కొబ్బరి ఉన్న కుటుంబం. ఆవిడకి శకునాలు, ఆచారాలు గట్టి. పెళ్ళి బట్టల్లో షావుకారు గారు చూసి పెట్టిన ఒక చీర కొంగు మీద నల్ల బుటాలు ఉన్నాయని వెనక్కి పంపించిన మనిషి. ఆ చీర నేనే తిరిగి మోసుకొచ్చి బీరువాలో పెట్టేను కాబట్టి నాకు బాగా గుర్తు.

"బొమ్మని చూసి చేప మోసపోతుందంటారా అన్నయ్యగారూ?" అన్నారావిడ.

"ఆయ్. ఆషాఢం సారెలో పండుగప్పని నేనే పట్టి తెస్తానమ్మా, దీంతోనే" అనేశారు జగ్గారావు గారు.

బంతి బంతంతా నవ్వింది. వియ్యాలవారన్నాక వేళాకోళాలు మామూలే. అక్కడితో వదిలేస్తే పోయేది. ఈయన వదల్లేదు. ఒకరోజు కొట్టు కట్టేసేటప్పుడు నాతో అన్నారు, "పెళ్ళిలో నా చేత్తో చేసినదంటూ ఏముందోయ్? చీరలు షావుకారు గారు పెట్టేరు. బంగారం మా ఆవిడ పుట్టింటిది. భోజనాలు భాస్కర్ చూసుకున్నాడు. పిల్లకి నేను పెట్టింది ఇదీ అని చూపించుకోడానికి ఒక్కటీ లేదు. చేపైనా నాది కావాలి."

ఆషాఢం వచ్చింది. దుర్గాశ్రీ పుట్టింటికొచ్చింది. దాంతోపాటే గోదావరికి వరద ఎర్రనీరూ వచ్చింది.

నాకు స్కూటరు ఉండడం నా ఖర్మ. కొట్టు తెరవకముందే ఆయన్ని వెనకాల ఎక్కించుకుని అల్లవరం వైపు వెళ్ళేవాణ్ణి. అక్కడ మురుగు కాలవ ఏటిలో కలిసే చోట లాకు ఉంది. పై నుంచి కొట్టుకొచ్చే చిన్న చేపల కోసం పండుగప్పలు ఆ లాకు గోడ నీడన కాపు కాస్తాయి. ఆయన లాకు మెట్ల మీద పెట్టె తెరిచి, ఒక్కో బొమ్మనీ ఎండకి ఎత్తి పట్టి తిప్పి చూసేవారు. "సారె చేప కదా, పసుపుతో మొదలెడదాం." పసుపు అయ్యేది. చిలకపచ్చ అయ్యేది. మిరపపండు ఎరుపు, కనకాంబరం, రాణి రంగు అన్నీ అయ్యేవి. ఒక్కటీ ముట్టేది కాదు. మా పక్కనే అల్లవరం మనుషులు రొయ్యలు గుచ్చి పండుగప్పల్ని లాగి సంచుల్లో వేసుకునేవారు. అంటే చేపలు ఉన్నాయి. మా బొమ్మలే వాటి కంటికి ఆనడం లేదు.

"మార్కెట్లో మంచిది కొని పంపిద్దామండీ, ఎవరు చూడొచ్చేరు" అని ఆయన భార్య రత్నం గారు రోజూ అనేవారు. ఆయన వినిపించుకునేవారు కాదు. కొట్లో కూడా మనసు ఉండేది కాదు. ఎప్పుడూ లేనిది, ఒకావిడకి ఆనందబ్లూ చీర మీదికి వంకాయరంగు జాకెట్టు గుడ్డ ఇచ్చి పంపేరు. అది చూసి నాకు భయమేసింది.

అమావాస్య దగ్గర పడుతోంది. ఆషాఢం దాటితే ఆ సారె సారె కాదు. ఒక పొద్దున్న లాకు దగ్గర వానలో తడుస్తూ నిలబడ్డాను. ఈయన తీరిగ్గా ముద్దబంతి రంగు బొమ్మని వెలుతురుకి పట్టి, "చూడు, ఎలా వెలిగిపోతోందో" అన్నారు. నాకు కోపం నషాళానికి అంటింది.

"మీకూ నాకూ వెలిగితే ఏం లాభమండీ? చేప ఈ మెట్లెక్కి వచ్చి చూసుకుంటుందా? అది చూసేది ఆ బురద నీళ్ళలోంచి కదా" అన్నాను.

ఆయన బొమ్మని దించేసేరు. నీళ్ళకేసి చూసేరు. తరవాత టీ తెచ్చుకున్న ఫ్లాస్కు మూత తీసి, ఖాళీ చేసి దాన్నిండా ఎర్రనీరు పట్టుకున్నారు. ఆ ఫ్లాస్కు సరిపోదని లాకు పక్క కొట్లో ఖాళీ కొబ్బరినూనె డబ్బా ఒకటి సంపాదించి, అదీ నింపించి నా స్కూటరుకి వేలాడదీయించేరు.

ఇంటికి వెళ్ళేసరికి రత్నం గారి ఆవకాయ గాజుజాడీకి మూడింది. ఆవకాయ గిన్నెలోకి, ఎర్రనీరు జాడీలోకి. జాడీని పెరట్లో మధ్య సందు వదిలి వేసిన రెండు ఎత్తుపీటల మీద నిలబెట్టి, తను నేల మీద వెల్లకిలా పడుకుని కింద నుంచి చూడ్డం మొదలెట్టేరు. ఒక్కో బొమ్మనీ దారం కట్టి నీళ్ళల్లో పైపైన ఆడించడం నా పని. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఎరుపు వెయ్యి. ఏదీ?"

"వేసేనండి. మీ మొహం మీదే ఉంది."

"కనిపించట్లేదోయ్. నీళ్ళల్లో కలిసిపోయింది. పసుపు వెయ్యి."

పసుపు కూడా నీళ్ళ రంగులోకి దిగిపోయింది. నెమలికంఠం బురదలా కనిపించింది. వెండి బొమ్మ మెరవడానికి వెలుతురే లేదు. దిండిలో తేట నీళ్ళకి బంగారంలా పనిచేసినవేవీ ఈ నీళ్ళకి పనికిరాలేదు. పెట్టె అడుగున, ఒక మూల, ఇంతవరకూ ముట్టని బొమ్మ ఒకటి మిగిలింది. అదీ వేశాను.

"అదిగో" అన్నారు. పైన ఆకాశం వెలుతురుకి అడ్డంగా అది ఒక్కటే, తల నుంచి తోక దాకా, గీసినట్టు కనిపిస్తోందట. నన్నూ పడుకోబెట్టి చూపించేరు. నిజమే. రంగు తెలియని నీళ్ళలో ఆకారం తెలిసేది దానికొక్కదానికే.

అది కటిక నలుపు.

రత్నం గారు వంటింటి గుమ్మంలోనే ఆగిపోయేరు. "సారె చేపకి నలుపేంటండీ? మొదటి సారె. పిల్ల వెళ్ళి కాపురం చేసుకోవాల్సిన ఇల్లది. కొంగు మీద బుటాలకే చీర తిప్పి పంపిన మనిషి ఆవిడ."

జగ్గారావు గారికీ మింగుడు పడలేదు. బతుకంతా నల్ల చీరలు బల్ల కిందికి తోసిన మనిషి కదా. మర్నాడు పచ్చ బొమ్మతో వెళ్ళి ఉత్త చేతులతో వచ్చేరు. ఆ మర్నాడు గుమ్మం దాటనే లేదు. అప్పుడు దుర్గాశ్రీయే పెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"నల్లదే వెయ్యండి నాన్నా. అత్తయ్యగారు ఏమన్నా అంటే పడేది నేనే కదా. పడతాను. మీరిలా కూచుంటే మాత్రం నేను చూళ్ళేను" అంది.

రత్నం గారు ఇక కాదనలేదు. ఒక్క మాట మాత్రం అన్నారు, "అడిగితే పసుపని చెప్పండి. మీ నోట్లోంచి ముత్యాలేం రాలిపోవు."

మర్నాడు వాన చినుకుల్లో లాకు దగ్గర నల్ల బొమ్మ విసిరేరు. మొదట ఏమీ లేదు. గోడ వారనే లాగుతుంటే కర్రకున్న దారం చక్రం ఒక్కసారి కీచుమంది. కర్ర వంగిపోయింది. పండుగప్ప నీళ్ళ మీదికి లేచి, ఎర్రటి కళ్ళతో తల విదిలించి మళ్ళీ పడింది. నేను గోనెసంచి పట్టుకుని మెట్ల మీద జారిపడ్డాను. అయినా చేపని వదల్లేదు. మూరెడు మీద బెత్తెడు ఉంటుందేమో. మార్కెట్లో ఇంతకి రెండింతలు దొరుకుతాయి. జగ్గారావు గారు తడి మెట్ల మీదే కూలబడి, దాని వీపు మీద చెయ్యి వేసి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. నాకూ కళ్ళు చెమర్చాయి. వాన పడుతోంది కాబట్టి తెలియలేదు.

కాజాలు, లడ్లు, అరటిగెలలు, ఐసు మధ్యన రంపపుపొట్టులో చేప, వాటితో ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లి చేరి అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాం. సారె చూడ్డానికి వీధిలో ఆడవాళ్ళంతా వచ్చేరు. చేప మీది పొట్టు తుడిచి పళ్ళెంలో పెట్టగానే భవానీదేవి గారు దగ్గరికొచ్చి వంగి చూసేరు.

"నిజంగా బొమ్మకే పడిందా అన్నయ్యగారూ?"

"ఆయ్."

"ఏ రంగుదండి?"

రత్నం గారు ఆయనకేసి చూసేరు. నేనూ చూశాను. ఎలాంటి చీరనైనా 'మీ ఒంటికి నప్పిందమ్మా' అని నవ్వుతూ చెప్పి అమ్మగలిగిన మనిషి. పసుపు అనడానికి ఎంతసేపు?

"నలుపమ్మా" అన్నారు. "ఎర్రనీట్లో ఇంకే రంగూ దాని కంటికి ఆనలేదు. నలుపుకే వచ్చింది. ఉన్నమాట చెప్పేను. ఇష్టం లేకపోతే చేపని వెనక్కి తీసుకుపోతాను, పిల్లని మాత్రం ఏమీ అనకండి."

వచ్చిన ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పళ్ళెం భవానీదేవి గారే ఎత్తి లోపలికి తీసుకెళ్ళి, పులుసు పెట్టమని కోడలి వరస పిల్లకి చెప్పేరు. మమ్మల్ని భోజనాలకి కూచోబెట్టి, తలకాయ ముక్క జగ్గారావు గారి విస్తట్లో తనే వేశారు.

"నాకు నల్ల చీరంటే ఎంతిష్టమో అన్నయ్యగారూ" అన్నారు, మెల్లిగా, అవతలి గదిలోకి వినపడకుండా. "పెళ్ళికి ముందు ఒకటుండేది, నల్లదానికి ఎర్రంచు. వచ్చిన కొత్తలో మా అత్తగారు అది పనిమనిషికి ఇచ్చేశారు. అప్పట్నుంచి నేనూ అందరికీ వద్దనే చెప్పుకుంటూ వచ్చేను. శ్రావణంలో మీ అమ్మాయి వచ్చేటప్పుడు ఒకటి పంపిస్తారా? మీరే చూసి తియ్యండి. కోడలు తెచ్చిందంటే కట్టుకుంటాను."

జగ్గారావు గారు వెంటనే ఏ నేత, ఏ అంచు అని అడుగుతారనుకున్నాను. తల ఊపేరంతే.

తిరిగొచ్చేటప్పుడు పంటు మీద రత్నం గారు అంచు సంగతి ఏవేవో చెబుతున్నారు. ఆయన వినడం లేదు. పంటు సగం ఏరు దాటాక నా భుజం మీద చెయ్యి వేసేరు.

"పిల్లకి అత్తగారు మంచిదోయ్ గోపీ" అన్నారు. "ఇప్పుడు నాకు దిగులు లేదు."