కామేశ్వరి మేడం పెట్టిన తొలి పరీక్ష

కూర్చోవే గుంటా, ఆ ఫోను బోర్లించి ఈ నానమ్మ చెప్పేది సరిగ్గా విను. విన్నది విన్నట్టు నీ నోటుబుక్కులో రాసుకో. వంటింట్లోంచి వాసన వస్తోందా? మీ అమ్మ పల్లీ ఉండలకి బెల్లం పాకం పడుతోంది. ఈ వాసన తగిలితే చాలు, మా లెక్కల మేడం కామేశ్వరి గారు గుర్తొచ్చేస్తారు. రేపు మీ ఇంజనీరింగు కాలేజీలో లెక్కల పరీక్ష పెట్టి, ఎవరిని ఏ బ్యాచిలో వెయ్యాలో చూస్తారని నిన్నటినుంచి నువ్వు అన్నం సరిగ్గా తినట్లేదు కదా. అలాంటి పరీక్షే నేనూ రాశాను, చోడవరంలో ఇంటర్ చేరిన కొత్తలో.

మాది బుచ్చయ్యపేట పక్క పల్లె. పదో తరగతి దాటి చదువుకని బస్సెక్కిన ఆడపిల్లని మా వీధిలో నేనొక్కదాన్నే. మేడం పొట్టిగా, సన్నగా ఉండేవారు, వేళ్లకి ఎప్పుడూ సుద్దే. కాగితాలు పంచి, ఇది మార్కులకి కాదు, రానిది ఖాళీగా వదిలెయ్యండి అన్నారు. నేను సగం పైగా ఖాళీగానే ఇచ్చాను. మర్నాడు నన్ను పొద్దున్నే అందరికంటే ముందు జరిగే క్లాసులో వేశారు. లెక్కలు మొదటినుంచి నేర్పే క్లాసు అది.

ఇంటికొచ్చి చెబితే, చేరీ చేరకుండానే పిల్ల పరీక్ష తప్పిందనుకున్నాడు మా నాన్న. "సాల్లే. రేపట్నుంచి సెరుకు తోటకి రా" అన్నాడు. అమ్మ చెప్పి చూసింది, వినలేదు. నా కాలేజీ ఆగిపోయింది.

ఓ సాయంత్రం మేడం బస్సు దిగి, గట్టు మీద నడుచుకుంటూ మా ఇంటికే వచ్చేశారు. కుచ్చిళ్ల నిండా బురద. అది వానాకాలం, మేం బెల్లం వండే పెద్ద పెనం పాకలో బోర్లించి ఉంది. ఆవిడ నా పరీక్ష మాటే ఎత్తలేదు. ఆ పెనం వైపు చూసి నాన్నని అడిగారు.

"పాకం దించే ముందు నీళ్లల్లో కాస్త ఏసి సూస్తారు కదా బాబూ, ఎందుకు?"

"ఇంకెంత కాగాలో తెలాలి గదమ్మా."

"ఉండ కట్టకపోతే పారబోసేస్తారా?"

"పారబొయ్యడమేటి? ఇంకాస్త మంట ఏస్తాం."

"నేనూ అదే చేసేను. మీ గుంటకి పొద్దున్నే ఇంకాస్త మంట కావాల."

నాన్న తలపాగా విప్పి దులుపుకున్నాడు. కాసేపటికి, తొలి బస్సు ఎన్నింటికని అమ్మని అడిగాడు. ఇక అప్పట్నుంచి నేను గుమ్మంలో అడుగు పెడితే చాలు, "ఏటే, ఉండ కట్టిందా, ఇంకా జారుడేనా?" అని ఒకటే వేళాకోళం. చలికాలం చెరుకు గానుగలు ఆడుతుండగా మేడం నన్ను అందరితోపాటు మామూలు క్లాసులో కూర్చోబెట్టారు. ఉండ కట్టింది నాన్నా అన్నాను. నాన్న వేడి బెల్లం తీసి ఒక ఆకులో నాకిచ్చాడు, ఇంకో ఆకులో కట్టి మేడంకి పంపించాడు.

ఆ ఖాళీ కాగితం చూసి మీకు కోపం రాలేదా అని తర్వాతెప్పుడో అడిగాను. "నువ్వు ఖాళీ వదిలిన కాడే నేను మొదలెట్టేనే. ఏదోటి గీకేసి ఉంటే నాకు దారే దొరికేది కాదు" అన్నారు. ఈ వయసుకీ బ్యాంకులోనైనా ఆస్పత్రిలోనైనా, నాకు రాదు, చెప్పండి అనడానికి నేను సిగ్గుపడను. అది ఆవిడ పెట్టిన బుద్ధే. నువ్వు ఆ జవాబులన్నీ బట్టీ పట్టి పై బ్యాచిలో కూర్చుంటే ఏడాదంతా అక్కడ బిక్కుబిక్కుమనేది నువ్వే. అందుకే రేపు రాని లెక్క వస్తే, భయపడకుండా ఆ చోటు...

"అత్తా, అన్నం వడ్డించేసేను, సల్లారిపోతంది. ఆ గుంటని కూడా లేపుకు రండి."